పదకొండు పుల్లలు

ఫిషింగ్ హార్బరు జెట్టీ మెట్ల మీద
ఐసు కరిగి జారుడైన చోట
వంజరం గంపతో పడ్డాను.
గడ్డం ఎళ్ళి పడవలు కట్టే ఇనప గుంజకి తగిలింది.
ఒక్క చేపా పోనేదు.
సెవి కింద ఏదో పుటుక్కుమంది, అంతే.

మూడ్రోజులు పసుపు పట్టేసి
తువ్వాలుతో నెత్తి మీదకి ముడేసుకుని
పాట పాడాను.
ముప్పయ్యేళ్ళుగా ఈ రేవులో వేలం పాట నాది.
"ఆరువేలు... ఆరున్నర..." అంటంటే
పైపళ్ళూ కిందిపళ్ళూ
వేరు కాపురాలు పెట్టినట్టు
కలవడం మానేశాయి.
నాలుగో నాడు షావుకారు నవ్వాడు:
"ఏటప్పా, ఏడస్తన్నావా పాడతన్నావా?"

కేజీహెచ్ డౌన్ ఎక్కేసరికి మొహం తాటిపండు.
డాక్టరు పిల్ల ప్రవల్లిక, నంద్యాల నుంచొచ్చింది,
తెడ్డు మసేనమ్మ, యాభై ఎనిమిది, అని చీటీ రాసి
నోట్లో టార్చి కొట్టి
అంగిలి సూసి ఆగిపోయింది.
"చుట్టా? నిప్పు లోపలికి పెట్టుకునా?"
అడ్డపొగమ్మా, మా అమ్మ కాడ్నించీ ఉన్నదే, అన్నాను.
అన్నాననుకున్నాను.

కాయితం మీద దవడ గీసింది,
ఒడ్డున బోర్లేసిన పడవలాగుంది.
ఇరిగిన గీత పుచ్చిపన్ను కింద నుంచే పోతాందట,
దాన్ని ముందు పీకాలట.
సుగరు రెండొందల ఎనభై, దించాలట.
మూడ్రోజుల ఆలీసెం ఎముక మర్చిపోదట.
పొగ నెత్తురు దారి మూసేస్తాదట.
ఇన్ని అటలూ ఇన్నాక
దవడ మీద సెయ్యేసుకుని కూకున్నాను,
ఇదొక్కర్తే ఇరిగిందనుకున్నాను ఇన్నాళ్ళూ.

రేకులూ మరలూ బిగించి
పళ్ళకి తీగలు సుట్టి
తెప్ప దుంగలు కట్టినట్టు కట్టేశారు.
తెప్ప సంగతి నాకెరికే,
తాడు సడలితే దుంగకో దారి.
నాలుగు వారాలు.
ఎనక పన్ను పక్క సందులోంచి
సిరంజీతో రాగిజావ, వడగట్టిన సొర పులుసు.
కోడలు ధనాలు తలగడ కింద
తీగలు తెంపే కత్తెర.
వాంతొస్తే ముందు తెంపాలి, తర్వాతే ఎవర్నయినా పిలవాలి.
దోమ కుట్టి నాను కదిలినా లేచిపోయేది,
"అత్తా, తెంపీనా?"

పక్క మంచం కుర్రాడు
మద్దిలపాలెంలో బండి మీంచి పడ్డోడు.
ఇరవై రెండేళ్ళు, రాయిలాంటి ఎముక.
నాకంటే ముందెళ్ళిపోతాడనుకున్నాం.
రెండో వారం దొంగతనంగా పకోడీ నమిలాడు.
సీము పట్టి మళ్ళీ బల్ల ఎక్కాడు.

నానేటి, పతివ్రతనా?
ఓ రాత్రి మెట్ల కింద చుట్ట ముట్టించాను.
నిప్పు లోపలికి పెడదామంటే
నోరు తెరుసుకోదు.
కాసేపు సేతిలో దాన్ని కాలనిచ్చి
వాసన సూసి
గోడకి నలిపేశాను.

తీగలు తీసిన్నాడు
నోట్లో వేలు కూడా దూరనేదు.
పళ్ళ మద్దిన ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పెట్టి
రోజుకొకటి పెంచుకోమన్నారు.
మనవరాలు సత్యవేణి
బీచీలో ఏరుకొచ్చి, కడిగి, డాబా మీద ఎండేసింది.
సగం వాటికి ఇంకా గులాబీ రంగు పోనేదు.

ఇయ్యాల పదకొండు పట్టాయి.
పద్దెనిమిది పడితే నోరు నోరట.
ఎడం పక్క కింది పెదవి మొద్దే ఇంకా.
టీ కారినా తెలీదు,
సత్యవేణి సూసి తుడుస్తాది.

తెల్లారి నాలుగింటికి రేవుకెళ్ళాను.
నా జాగాలో పైడమ్మ పాడతాంది.
గొంతు బాగానే ఉంది, ధరే తెలీదు.
నిగనిగలాడే వంజరం గంప
నాలుగు వేలకి కొట్టేయబోతాంది.

పదకొండు పుల్లలంత నోరు తెరిసి
"ఐదు వేలు" అన్నాను.
వే కాడ గాలి పోయింది.

షావుకారు ఎనక్కి తిరిగి
ఎవరా అని ఎతుకుతున్నాడు.