కర్ణం అడుగు

తాడిపత్రిలో పాలిష్ ఫ్యాక్టరీ మేడ మీద గది.
కింద రంపం నాపరాయిలో దిగుతుంటే
నా టీ గ్లాసులో వలయాలు.
మూడు రోజులుగా ఇక్కడ కూచుని
నిద్రపోని ఒక పాఠకుడికి
వాడుక పత్రం రాస్తున్నాను.

మనిషి కాదు.
లెక్కల పనిముట్టు చేతికిస్తే
ఎవరి బదులో పని చేసిపెట్టే కృత్రిమ బుద్ధి.
దాని గోళ్ళలో రాతిపొడి ఉండదు.
నేను రాసిన వాక్యమే దానికి నేల, గోడ, వెలుతురు.

"త్రిభుజ వైశాల్యం: మూడు భుజాలు ఇవ్వాలి"
అని రాసి ఆగాను. దేనిలో?
హుస్సేనప్ప ఇరవై నాలుగన్నాడంటే అంగుళాలని
ఈ వీధి కుక్కలకి కూడా తెలుసు.
దీనికి మైళ్ళని చెప్పినా నవ్వు రాదు.
"కొలమానం లేకుండా ఈ తలుపు తట్టకు" అని రాసి,
కొట్టేసి, మర్యాదగా రాశాను:
కొలమానం తప్పనిసరి.

రెండు, మూడు, తొమ్మిది.
ఆ మూడు కర్రలూ ఎట్లా వంచినా కొసలు కలవవు.
అప్పుడు సున్నా అని చెప్పకు.
సున్నా కూడా ఒక జవాబే.
కుదరదని చెప్పు. ఎందుకు కుదరదో చెప్పు.

ఫోను చార్జింగుకి మెట్లెక్కి వచ్చాడు హుస్సేనప్ప,
కనురెప్పల దాకా తెల్లగా.
"ఏం రాస్తాండావమ్మా అన్ని దినాల్నుంచి?"
చెప్పాను.
"కొత్తగా పనికొచ్చిన పిల్లోనికి చెప్పినట్లన్నమాట.
వానికైతే ఒకతూరి చూపిస్తే సాలు."
దీనికి చూపించలేం.
"అట్లయితే కష్టమే" అని
స్విచ్చి పక్కన గోడకానుకుని కాసేపు ఊరకున్నాడు.

తర్వాత, అడక్కుండానే:
"యాడికి పక్కన మా తాత చేను.
నూటయాభై, నూటిరవై, నూటెనభై, తొంభై గజాలు.
సచ్చేదాకా ఈ నాలుగంకెలే తిట్లమాదిరి తిట్టేటోడు."
వరసగా నాలుగు గట్లు.
నేను అవే అంకెలు పాఠకుడికి పంపాను.
తడుముకోలేదు.
ఎదురెదురు గట్లు కూడింది, సగం చేసింది, హెచ్చవేసింది:
పదిహేడువేల మూడువందల ఇరవై అయిదు చదరపు గజాలు.
కింద ఒక చక్కని వివరణ కూడా.

హుస్సేనప్ప నవ్వలేదు.
"కరణం రాసింది ఇదే.
ఆ ఎక్కువకే శిస్తు కట్టినాడు మా తాత.
పంట మాత్రం ఉన్న నేలలోనే పండె."

కూచుని లెక్క వేశాను.
ఆ నాలుగు గట్లనూ ఎటు సాగదీసినా
పదిహేడువేల వంద గజాలకు చేరదు.
ఎంత తక్కువేసుకున్నా
ఐదు సెంట్లు లేని నేల.
గట్లు ఒరిగితే ఇంకా ఎక్కువ.
నాలుగు కోళ్ళ మంచం పట్టెలు అవే ఉంటాయి,
కీళ్ళు వదులైతే పక్కకి వాలుతుంది,
మధ్యలో జాగా తగ్గిపోతుంది.
మూల నుంచి మూలకి ఒక్క గొలుసు లాగి ఉంటే
తేలిపోయేది.
కర్ణం అడగని కరణం
కాటికి పోయి నలభై ఏళ్ళు.
ఆయన లెక్క ఏయే కాగితాల్లో దాక్కుందో
దీని గొంతులోంచి వచ్చింది.

ఇదంతా వాడుక పత్రంలో పట్టదు.
ఇంతే రాశాను:
"చతుర్భుజానికి నాలుగు భుజాలు చాలవు.
సరాసరి వేయవద్దు. ఊహించవద్దు.
కర్ణం అడుగు."

ఉదాహరణకి ఆ చేనే పెడదామని
కర్ణమెంతని హుస్సేనప్పని అడిగాను.
"యాడుందమ్మా చేను? బండల గనిలో పోయింది.
ఇప్పుడాడ నీళ్ళుండాయి, లోతు యెవరికీ తెలీదు."
ఫోను పీక్కున్నాడు, పదిహేను శాతానికే,
కింద రంపం పిలుస్తోందని.

పట్టికలో నాలుగు గళ్ళు నింపాను.
అయిదోది ఖాళీగా ఉంచాను.
దాన్ని చూసి పాఠకుడు ఆగుతుందా లేదా
రేపు తెలుస్తుంది.