జేబులో ఫ్యూజులు

మూడు ఫ్యూజులు.
తెల్ల పింగాణీవి, అంచులు రోంత పెచ్చులూడినవి.
బోర్డులోంచి పీకితే
పాలపళ్లు ఊడిన పిల్లోని నోరు మాదిరి
మూడు సందులు మిగుల్తాయి.

తాడిపత్రిలో, రైలుకట్ట పక్కన,
మాది చిన్న బండల పాలిషు ఫ్యాక్టరీ.
కోత మిషనుకీ, సుద్దగుంత పంపుకీ ఒకటే బోర్డు.
దేని కిందికి ఎవురు దూరినా
ఆ మూడూ వాళ్ల జేబులో ఉండాల.
నా జేబులో కాదు, నేను కరెంటు దస్తగిరినైనా సరే.
సూపర్‌వైజరు బల్ల మీద కాదు.
తల ఎవురు లోపల పెడతారో, వాళ్ల జేబులో.

ఈ మాట యాడా రాసి లేదు.
గోడ మీద రాసిందల్లా
"భద్రతే ముఖ్యం" అని. అది కూడా
సుద్దనీళ్లు చిమ్మి చిమ్మి
"భద్ర" కాడికి ఆగిపోయింది.

నాలుగేండ్ల కిందట
బ్లేడుకు రాయి ముక్క ఇరుక్కుంటే చంద్రాయుడు దూరినాడు.
నేనే పీకినా ఫ్యూజులు.
పీకి, బోర్డు నెత్తిన పెట్టి, టీకి పోయినా.
కొత్తగా చేరిన పిల్లోడు, మంచోడే,
పని నేర్చుకోవాలని ఆశ ఉన్నోడు,
తెరిచున్న తలుపు సూస్తే మూసినట్టు
మూడూ తీసి ఉన్న తావ పెట్టేసినాడు.
తప్పెవురిదని పోలీసు అడిగితే
వేలెత్తి చూపేదానికి మనిషి దొరకలా.
టీ గ్లాసు మాత్రం
నా చేతిలో శానాసేపు వేడిగానే ఉండింది.

చంద్రాయుడిప్పుడు గేటు కాడ కూర్చుంటాడు.
లారీ నంబర్లూ, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ
అన్నీ ఎడం చేత్తో రాస్తాడు.
ఎదురుగాలికి నడిచే గొర్రెల మాదిరి
అక్షరాలన్నీ ఒక పక్కకే వంగుంటాయి.
నేను ఆ దోవన పోయినప్పుడల్లా
"జేబు సూసుకున్యావా?" అంటాడు.
అంతే. దానికి మించి ఒక్క మాట అనలా ఇన్నాళ్లూ.
అనుంటే బాగుండు.

నిన్న మాపటేళ
పంపు నోరు పూడిపోతే రామాంజినమ్మ గుంతలోకి దిగింది.
ఫ్యూజులు కొంగున ముడేసుకుంది.
పేరుకున్న సుద్దంతా గీకి,
పైకొచ్చి, కాళ్లు కడుక్కోని,
ముడి సంగతి మరిచి
ఆటోలో చుక్కలూరికి పోయింది.

రాత్రి షిఫ్టోళ్లు వచ్చి నిలబడినారు.
మిషను ఎండిపోయి ఉండాది.
పొద్దన్నే లోడెత్తాల, బెంగుళూరు లారీ.
ఓనరు ఫోన్‌లో గొంతు చించుకుంటాండు:
"ఆయమ్మ ఇంటికి పోయిందిరా, అందరూ సూసినారు గదా!
ఇంగో సెట్టు లేదా నీ తావ?"

ఉండాది.
బీరువాలో, పాత పేపర్లో చుట్టి,
చెయ్యి చాపితే అందే దూరంలో.

గుంత దిక్కు సూసినా.
లైటు లేదు. సుద్ద నున్నగా, తెల్లగా
పరిచిన పంచె మాదిరి ఉండాది.
అందులో ఎవురూ లేరని నాకు తెలుసు.
మిషను కింద ఎవురూ లేరని
ఆ పొద్దు ఆ పిల్లోనికీ తెలుసు.

"లేదు సార్" అన్యా.

గేటు కాడ చంద్రాయుడు తల పైకెత్తినాడు.
బీరువా తాళంచెవి వాని కుర్చీ ఎనకాలే వేలాడతా ఉండాది.
ఏమీ అనలా.
జేబు మాట కూడా అడగలా.

గంటా పది నిమిషాలు.
బండేసుకోని పోయినోడు ఆ పిల్లోడే,
ఇప్పుడు మీసాలొచ్చినాయి.
ఎనక రామాంజినమ్మను కూర్చోబెట్టుకోని వచ్చినాడు.
ఫ్యూజులు వాని చేతికి ఇయ్యలేదంట.
"నేను దిగిన గుంత, నేనే ఇస్తా" అనిందంట.

ముడి విప్పితే
మూడూ ఒంటి వేడికి వెచ్చగా,
వక్కాకు వాసనతో.
సందులు నిండినాయి.
మిషను దగ్గి, నీళ్లు తాగి, రాయిని పట్టుకుంది.

రామాంజినమ్మ పోకుండా ఆన్నే నిలబడింది.
"ఇంత రాత్రప్పుడు ఇంటికి పొయ్యేదానికి
ఆటో చార్జీ ఎవురిస్తారప్పా?"

చంద్రాయుడు రిజిస్టరు తెరిచినాడు.
లారీ నంబరు కింద, వంగిన అక్షరాల్లో:
ఫ్యూజులు తెచ్చినందుకు, రామాంజినమ్మకు, నలభై రూపాయలు.
రోంతసేపు ఆగి
నలభై కొట్టేసి
అరవై చేసినాడు.