తామర

నడుం చుట్టూ తామర పూసింది నాకు.
చెరువులో పూసేది కాదు,
లుంగీ ముడి కింద, మొలతాడు ఒరిసే చోట
ఎర్రటి అంచుతో, గుండ్రంగా,
వారానికో రేకు చొప్పున విప్పుకునేది.

మిర్చి యార్డులో మోసేవాడికి
చెమటే నూనె, కారమే పౌడరు.
తేజ టిక్కీ భుజానికెత్తి పది అంగలేస్తే చాలు,
నడుంలో కుంపటి.
గోకితే గోళ్ళలో కారం. గోకకపోతే ప్రాణం పోద్ది.
చాటుగా లారీ వెనక్కెళ్ళి గోకి
కళ్ళు తుడుచుకుంటూ వస్తే
'ఘాటెక్కిందా ఏసోబూ' అనేవాడు మేస్త్రి.
అవునండీ, ఘాటే.

బీపీ మాత్ర ఏడాదిగా ఉంది, అది వేరే కథ.
బ్రాడీపేట డాక్టరుకి జబ్బ చాచి చూపించా,
పట్టీ చుట్టి, గాలి కొట్టి, రాశాడు.
నడుం సంగతి ఆయనకెందుకు?
కొత్తపేట చర్మం డాక్టరుకి
తలుపేసి, లుంగీ సడలించి,
గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ చూపించా.
బీపీ సంగతి ఆయనడగలా,
నేనూ చెప్పలా.
సిగ్గుపడేవాడు
ఒక్క మాట కోసం వచ్చి
ఆ ఒక్క మాటే చెప్పి పోతాడు.

పొద్దున చిన్న తెల్లమాత్ర.
రాత్రి అన్నం తిన్నాక రంగుల గుళిక, రోజుకొకటి.
తామరాకు మీద నీటిబొట్ల లాగా
దేని దారిన అది దొర్లిపోతుందనుకున్నా.

పదో రోజుకి
చెప్పు పట్టీ పాదంలో దిగబడి వదల్లా.
చీలమండ నొక్కితే
బొటనవేలంత గుంట,
పూడకుండా నన్నే చూస్తూ.
పన్నెండో రోజు టిక్కీ దించి నడుం ఎత్తేసరికి
యార్డు యార్డంతా ఊగింది,
ఎరుపంతా నలుపై.
కళ్ళు తెరిస్తే ఎవరో మొహాన సోడా కొడుతున్నారు.
'తాగొచ్చాడు' అంది ఒక గొంతు.
బల్ల దగ్గర చెంచాడు ద్రాక్షరసం తప్ప
ఇరవయ్యేళ్ళుగా నేనేం ముట్టలా.

ఆ సాయంత్రం మందుల షాపుకెళ్ళా,
రెండో అట్టా అయిపోయిందని.
కౌంటర్లో కొత్త పిల్ల, కోటు మీద పేరు రమీజా.
ఖాళీ అట్ట తిప్పి చూసి
'ఇంకేమన్నా మందులు వాడుతున్నారా?' అంది.
అప్పటిదాకా ఎవరూ అడగని మాట.
జేబులోంచి రెండో చీటీ తీసి
మొదటి చీటీ పక్కన పెట్టా.
ఒకే ఒంటి కాయితాలు,
ఒకదాని మొహం ఒకటి అదే మొదలు చూసుకోవడం.

ఈ గుళిక ఉందే, కార్జంలో కూర్చుని
ఆ మాత్రని అరగదీసి పంపే పనివాణ్ణి
పని చెయ్యనివ్వదంది ఆ పిల్ల.
నాకు యార్డు భాషలో అర్థమైంది.
అవుట్ గేటుకి అడ్డంగా లారీ ఆగిపోయింది.
నిన్నటి టిక్కీలు కదల్లా,
ఇవాళ్టివి దిగుతూనే ఉన్నై.
నేను మింగేది ఒక్కటే,
ఒంట్లో మాత్రం గుట్ట.
పోటు దించమంటే
మనిషినే దించింది.

అక్కడికక్కడే బ్రాడీపేటకి ఫోను కొట్టింది.
పేరు చెప్పింది, గుళిక పేరు చెప్పింది,
నా కాళ్ళ వైపు వంగి చూసి
వాపు ఎంత మేరకుందో అదీ చెప్పింది.
'రేపు పొద్దున్నే రమ్మంటున్నారు బాబాయ్.
ఈలోగా గుళిక వద్దన్నారు.'
చీటీలు రెండూ కలిపి పిన్ను కొట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే
కరుణమ్మ పొయ్యి దగ్గర్నుంచి కదల్లా.
అన్నం పొంగి స్టవ్వు ఆరింది.
'పది గుళికల అట్ట
ఆరు రోజులకే ఎందుకైపోతందో
ఏనాడన్నా లెక్కేశావా?'
కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తుంచే చేతుల్తో
కొంగు పక్కకి తీసింది.
ఎర్రటి అంచు.
రెండు నెలలదట.
నా సిగ్గు మీదే పడి
ఇరవయ్యారేళ్ళుగా ఆమె సిగ్గు ఏ మూల దాచుకుందో చూడలా.

'నీకు బీపీ లేదుగా?' అన్నా.

'ఎవరు చూశారు' అంది.