ఏ పూట నీళ్ళు

నా దగ్గర మూడు ఫైళ్ళున్నాయి.
కాకినాడది నీలం అట్ట, మూల కుక్కపిల్ల కొరికింది.
అందులో నాకు బైపోలార్.
రాజమండ్రి ఫైల్లో అది కాదు,
వట్టి డిప్రెషన్, దానికి తోడు ఆందోళన.
భీమవరంది ఫైలు కూడా కాదు, చీటీ.
చివర ఒక ప్రశ్నార్థకం.
దానికి ముందున్న మాట చదవడం
నాకు రాలేదు, మందుల షాపు కుర్రాడికీ రాలేదు.

మూడింట్లోనూ పేరు ఒకటే, కొల్లాటి సుదర్శనం.
వయసు ముప్పై నాలుగు.
రాజమండ్రిలో ముప్పై ఆరు వేశారు.
దిద్దమనే ఓపిక లేకపోయింది.

కాకినాడ డాక్టరు లిథియం ఇచ్చాడు.
అదీ ఒక ఉప్పేనట.
నవ్వొచ్చింది.
పదకొండేళ్ళుగా నేను చేసేది ఉప్పు కొలవడమే,
అంతర్వేది రోడ్డు మీద షట్టరు గదిలో,
రెండు బ్యూరెట్లు, ఓ పాత ఫ్రిజ్జు,
కూల్‌డ్రింకు సీసాల్లో రైతులు తెచ్చే రొయ్యల చెరువు నీళ్ళు.
ఆర్నెల్లకి రాజమండ్రాయన ఆపించేశాడు.
"ఎవరిచ్చారయ్యా నీకిది?" అన్నాడు,
పాత మేస్త్రీ కట్టిన గోడ చూసి
కొత్త మేస్త్రీ అన్నట్టే.

"ఇంతకీ నీకేంటి?" అంది సత్యవేణి.
కోపంగా కాదు.
వాళ్ళమ్మకి ఫోన్లో ఏదో ఒకటి చెప్పాలి కదా.
"షుగరని చెప్పు" అన్నాను.
చెప్పింది.
అప్పట్నుంచి అత్తారింట్లో నాకు పాయసం లేదు.

గురువారం సఖినేటిపల్లి రేవులో
పంటి మీదకి బండెక్కించి వశిష్ఠ దాటాను.
నరసాపురంలో లేసు కొట్టు పైన మేడగది.
షాహిన్ గారు నాకంటే చిన్నావిడ.
మూడు ఫైళ్ళూ బల్ల మీద పెట్టాను, వరసగా, తేదీల ప్రకారం.
"తర్వాత చూద్దామండీ" అని పక్కకి జరిపింది.
ఒళ్ళు మండింది.
మూడేళ్ళ తిరుగుడు అది,
బస్సు చార్జీలే ఎంతయ్యాయో.

"రాత్రి ఎన్నింటికి మెలకువొస్తుంది?"
మూడింటికి.
"ఏం వినిపిస్తుంది అప్పుడు?"
ఏరేటర్లండీ, అన్నాను,
తిరుగుతున్నాయో లేదో చెవులు రిక్కించి వింటాను.
మాకు చెరువు లేదు.

కింద కొట్లో ఎవరో బేరమాడుతున్నారు.
లేసు అంచు గజం ధర రెండుసార్లు వినబడింది.
అప్పుడు చెప్పాను ఏసుపాదం సంగతి.
వాడి చెరువు తెల్లారేసరికి తేలిపోయింది,
గట్టు పొడుగునా తెల్లగా రొయ్య.
ముందురోజు "బాగుంది" అని రాసిన రిపోర్టు మీద
సంతకం నాది.
అబద్ధం కాదండీ.
మధ్యాహ్నం రెండింటికి పట్టిన నీళ్ళవి.
ఆ పూటకి బాగానే ఉన్నాయి.
గాలి పోయేది తెల్లారుజామునే కదా,
అది తెలిసీ, ఏ వేళ పట్టావని నేనడగలేదు.

ఆవిడేమీ అనలేదు.
మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపింది.
ఈ సంగతి మూడు ఫైళ్ళలో ఎక్కడా లేదు.
ఎవరూ అడగలేదని కాదు,
కాకినాడాయన అడిగాడు.
నేనా నెలంతా నిద్రలేకుండా
ల్యాబుకి రంగులేస్తూ, అప్పులు చేస్తూ, ఉత్సాహంగా ఉన్నాను.
"అంతా బాగుంది" అన్నాను.

తిరుగు పంటి మీద ఓ పోలిక తట్టింది,
ధవళేశ్వరం దాటాక గోదారికి ఎన్ని పేర్లో, అని.
మరీ అందంగా ఉంది, వదిలేశాను.
సరంగు ఆ పేర్లేవీ పట్టించుకోడు.
పోటా, పాటా, అంతే చూస్తాడు.

ఇప్పుడు సీసా మీద పేరుతో పాటు
వేళ కూడా రాయమంటున్నాను.
రైతులు విసుక్కుంటున్నారు.
రాజమండ్రి మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను.
కొన్నాళ్ళు అవి పనిచేస్తున్నట్టుంటాయి,
కొన్నాళ్ళు నేను పనిచేస్తున్నట్టుంటుంది.

"ఏమంది మరి? ఏంటట?"
సత్యవేణి గుమ్మంలోనే ఆపింది.
"వచ్చే గురువారం రమ్మంది."
"అది రోగమా?"
నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది.
తర్వాత ఇద్దరం కాసేపు నవ్వాం.
మూడింటికి మళ్ళీ మెలకువొచ్చింది.