కాలిదీ, ఎదదీ

డండీలో మార్చి పొద్దు. టే నది మీద పొగమంచు
ఇంకా విడలేదు.
బల్ల మీద ఐలా పెట్రీ, ఎనభై మూడేళ్లు.
ఎడమ మణికట్టులోంచి నేను పంపిన తీగ
మెల్లగా ఆమె గుండె గుమ్మం దాకా వెళ్లింది.

పదిహేనేళ్లకే జనపనార మిల్లులో మగ్గం పట్టిందట.
ఆ మోతకి చెవులు పోయాయి.
పెదాలు చూసి మాట వింటుంది.
నా మూతికేమో మాస్కు.

రంగుమందు వదిలాను.
మొదటిది, కాలి సిర, మొదట్లోనే మొండి.
రెండోది, అదీ కాలిదే,
ఎండాకాలం చంపావతిలా
రెండు చెలమలు చూపించి ఆగిపోయింది.

మూడోది
ఎదగోడ లోపలి నుంచి మళ్లించిన ధమని.
అబర్డీన్‌లో ఎవరో వెంట్రుకంత దారంతో కుట్టి
ఇరవై రెండేళ్లు.
అంచు చెదరలేదు. ఎక్కడా గరుకు లేదు.
మందు ఇలా వదిలానో లేదో
గుండె కొస దాకా నల్లగా పారింది.

కారణాలు నాకు తెలుసు, పరీక్షల కోసం బట్టీ పట్టినవే:
అది పుట్టిన దగ్గర్నుంచీ
గుండె పోటు తింటూ పెరిగిన గోడ.
సిరకి ఆ పోటు కొత్త. తట్టుకోవాలని
మందమైంది. మందమై, మందమై
తనని తానే మూసుకుంది.

"కాలికేస్తే మెడకేస్తావేటే!"
మా పెద్దమ్మ నూకాలు తిట్టేది,
నెల్లిమర్ల మిల్లులో గోనెపట్టా నేసొచ్చి
నార దుమ్ము దగ్గుతూ.
ఇక్కడ నిజంగానే
కాలిది తీసి గుండెకేస్తారే, పెద్దమ్మా.
కొన్నేళ్లు పనిచేస్తుంది కూడా.

మాస్కు దించకూడదు.
గ్లౌజు చెయ్యెత్తి రెండు వేళ్లు మడిచాను,
ఒకటి నిలబెట్టాను,
నా ఎడమ ఎద వైపు చూపించాను.
మగ్గాల మధ్య బతికినవాళ్లకి వేళ్లు చాలు.

"అదా!" అంది,
గదిలో అందరూ ఉలిక్కిపడేంత గొంతుతో.
"నలుగురు పిల్లలు తాగిన వైపు.
దానికి పనంటే భయం లేదు."

నేను తెర వైపు తిరిగాను,
స్టెంటు ఎక్కడ పడుతుందో చూసుకుంటూ.
ఇంతలో ఆమె కుడిచెయ్యి
దుప్పటి మీంచి జారి జారి
తొడ మీద పాత గాటు ఉండే చోట ఆగింది.
రెండుసార్లు తట్టింది.
"ఇదీ పాపం బాగానే లాగింది.
చిన్నదాని పెళ్లి దాకా."

కదలొద్దు అన్నాను.
మాస్కు వెనక నా పెదాలు
ఆమెకి కనిపించలేదు.