రెండో కయ్య నీరు

హిద్ రేవులో ఓడల పొట్టలు గీకి
రంగులేసే పని నాది. తొమ్మిదేళ్ళు.
పనామా జెండా తుప్పు, గ్రీసు జెండా తుప్పు,
అన్నీ ఒకే గొంతులోకి దిగాయి.

నిరుడు చలికాలం నుంచి
పొద్దున్నే దగ్గితే పచ్చగా పడేది,
గ్లాసులో పావు వంతు.
ఊపిరి గొట్టాలు సాగి వదులైపోయాయన్నాడు డాక్టరు.
వదులైన చోట కఫం కాపురం పెట్టిందట,
అద్దె ఇవ్వదు, ఖాళీ చెయ్యదు.
నయమవుద్దా అని అడిగాను.
"ఊడ్చుకుంటూ ఉండాలి" అన్నాడు.

మందు పేరు విని నవ్వొచ్చింది.
ఉప్పు నీళ్ళు.
నౌపడ మనిషికి ఉప్పు రాసిచ్చారు,
చీటీ మీద, సంతకం పెట్టి!

ముందు నీలం పంపు నాలుగు పీల్పులు.
ఆగమంది ఫౌజియా, గోడ గడియారం చూపించి.
రోగుల దగ్గర నేర్చుకున్న హిందీ ఆమెది,
అందులో సగం దగ్గులకు సంబంధించిన మాటలే.
తర్వాత నోట్లో గొట్టం. మిషను గుర్రుమంది.
తెల్లటి పొగమంచు నాలుక దాటి లోపలికి.
మొదటి రోజు రొమ్ము బిగుసుకుంది,
తాడేసి లాగినట్టు.
ఆపేసి, ఊదించి, అంకె చూసుకుని
కాసేపాగి మళ్ళీ పెట్టింది.

మూడు శాతం. నెల తర్వాత ఏడు.
శాతాలు నాకెందుకు?
అయ్య కయ్యలో వేలు ముంచి నాకి చెప్పేవాడు:
ఇది లేత, ఇది ముదురుతోంది,
దీనికింకో మూడెండలు చాలు.
ఆ లెక్కన మూడంటే సముద్రం కంటే పిసరంత లేత.
ఏడంటే రెండో కయ్య నీరు.
చెప్తే ఫౌజియా కాగితమ్మీద ఏదో రాసుకుంది,
అరబ్బీలో, కుడి నుంచి.

వానాకాలం తాటాకు కప్పిన ఉప్పు కుప్ప
రాత్రంతా చెమటలు పట్టేది.
"గాల్లో నీటిని పిలుస్తాదిరా" అనేవాడు అయ్య.
ఇప్పుడా పిలుపు నా లోపల.
గోడల్లోంచి తడి ఊరుతుంది,
బంకలా పట్టుకున్నది పట్టు వదులుతుంది.
"అద్దం మీద ఆవిరి పట్టించు" అని నేర్పింది ఆమె.
హా... హా...
లేని అద్దం మీద ఊదుతూ కూర్చుంటే
కదిలి, పైకొచ్చి, పడుతుంది.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాల్సిందేనంటారు.
పీల్చినవాడి సంగతి ఏ సామెతలోనూ లేదు.

చిక్కల్లా మిషను చప్పుడు.
గదిలో ఆరుగురం. ఆఫీసుకు తెలిస్తే
పనికిరాడని ఓ ముద్ర, ఓ టికెట్టు.
అందుకే దాన్ని రైస్ కుక్కర్ అట్టపెట్టెలో దాచాను.
రాత్రి నాలుగింటికి వాషింగ్ మిషన్ తిప్పి
బోర్లించిన బకెట్ మీద కూర్చుని
రెండు చప్పుళ్ళనూ కలిపేసేవాణ్ణి.
తెల్లారేసరికి అందరి బట్టలూ ఉతికుండేవి.
వద్దన్నా నా మంచితనం క్యాంపంతా పాకింది.

మొన్న మంగళవారం వాషింగ్ మిషన్ చెడింది.
మందు సగంలో ఉంది,
వరండాలో క్యాంపు బాసు బూట్లు.
ఆపితే సగం మందు పోద్ది.
ఆపకపోతే నేను పోతాను.
అప్పుడు లేచాడు గున్నయ్య,
ఇన్నాళ్ళూ నిద్రపోతున్నాడనుకున్న మనిషి.
"వొగ్గీకు, పీల్చు" అని
మిక్సీలో గుప్పెడు వేరుశెనగ పప్పు,
ఎన్నో లెక్కలేని పచ్చిమిరపకాయలు,
చింతపండు ముద్ద వేసి తిప్పాడు.
తలుపు తోసుకొచ్చాడు బాసు. "ఈ వేళప్పుడేంటి?"
"చట్నీ, సాబ్."
ఫ్రిజ్ వెనకాల నేను, గొట్టం పళ్ళ మధ్య, కళ్ళు మూసుకుని.
మిరపకాయల ఘాటుకి బాసే
దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎనిమిదింటికి ఓడ నీడలో
రొట్టెల్లోకి ఆ పచ్చడి విప్పాం.
ఉప్పు వెయ్యలేదు గున్నయ్య.
అడిగితే తలెత్తకుండా,
"నీ కాడుంది గదరా" అన్నాడు.

నవ్వబోతే దగ్గొచ్చింది.
ఈసారి పల్చగా.