ఉప్పు చెంచా

ముప్పై రెండేళ్లు గరిటెలు చెక్కాను.
ఒక్కనాడూ కూర కలబెట్టి ఎరగను.

ఉదయగిరి దుర్గం కింద మా వీధిలో
ఉలి చప్పుడు కంటే ముందు లేచేది
అజాన్ ఒక్కటే.
ఏ కొయ్య నీళ్లు తగిలితే పగులుతుందో,
ఏది పులుసులో పడి నల్లబడుతుందో
కళ్లు మూసుకొని వాసన పట్టి చెబుతాను.
పులుసులో ఏమేం వేస్తారంటే మాత్రం
"చింతపండు" అని ఆగిపోతాను.

మా జిలానీబీ ఆశా వర్కరు.
ఏడు గంటలకల్లా బీపీ మిషను సంచిలో వేసుకొని
ఎగువ వీధి, దిగువ వీధి, చెరువుకట్ట అవతలి ఇళ్లు.
"ఉప్పు తగ్గించమ్మా, ఊరగాయ జోలికి పోవద్దు తాతా,
సందకాడ నాలుగడుగులు నడువు పెద్దమ్మా"
అని వందమందికి చెప్పి
బస్టాండు కాడ రెండు బజ్జీలు, ఒక టీ
తన పగటన్నం అనుకునేది.

మొన్న ఎండాకాలం పోతా పోతా
మిషనులో కొత్త బ్యాటరీలు వేసి
పనిచేస్తుండాదో లేదో చూద్దామని
తన చెయ్యే చాపింది.
పట్టీ బుసకొట్టి బిగిసింది, మెల్లగా వదిలింది.
నూట డెబ్బై ఆరు.
"మిషను చెడిపోయింది" అంది.
నా చేతికి కట్టింది.
నూట ఇరవై నాలుగు.
మిషను చెడిపోలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.

తెల్లారి నేను పొయ్యి ముందుకు పోయినాను.
కొర్రలు ఎంతసేపు నానాలో తెలియదు,
మునగాకు దూసేటప్పుడు ఈనెలన్నీ పప్పులో పడ్డాయి,
ఎర్రగడ్డ కోస్తే నా కంట్లో నీళ్లు, తెల్లగడ్డ మాడితే ఇల్లంతా దగ్గు.
గోడ మీద నుంచి ఖాదరు తొంగిచూసి
"ఏందన్నా, గరిటెలు అమ్ముడుపోక
నువ్వే వాడుకుంటుండావా?" అన్నాడు.

నవ్వి, పప్పు కలబెట్టాను.
నా గరిటె. నేను చెక్కి, నేను నునుపు పట్టినది.
ఆవిరి లేచి వేలి కణుపులను పట్టుకుంది.
కాడ పొట్టి.
బొటనవేలంత పొట్టి.
ముప్పై రెండేళ్లుగా
బొటనవేలంత పొట్టిగా చెక్కుతుండానని
ఎవరూ చెప్పలేదు.

జిలానీ కుడిచేతి కణుపుల మీద
గోధుమరంగు మచ్చలున్నాయి.
పుట్టుమచ్చలు అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆ మధ్యాన్నం పనిలో కూర్చొని
మిగిలిన ముక్కతో ఒక చెంచా చెక్కాను.
గుంట చిటికెనవేలి గోరంత.
నర్సమ్మను అడిగి, కొలిచి, మళ్లీ తొలిచి,
రోజుకు ఇద్దరికీ కలిపి రెండు చెంచాలు, అంతే.
"ఇదేంది, చీమకు అన్నం పెట్టేదానికా?" అని నవ్వింది.
మొదటి వారం నాలుక అలిగింది.
నిమ్మకాయ పిండాము, పచ్చిమామిడి తురిమాము,
కరివేపాకు వేయించి నలిపి చల్లాము.
అలిగిన నాలుక చిన్నపిల్ల లాంటిది,
ఏదో ఒకటి చేతిలో పెడితే మరిచిపోతుంది.

ఇప్పుడు ఆమె సంచిలో మిషను పక్కన టిఫిను గిన్నె.
బజ్జీల బండి సుబ్బరాయుడికి నా మీద కోపం.
సందకాడ దుర్గం మెట్ల మొదటి మలుపు దాకా పోతాము,
ఆమె ముందు, నేను వెనక.
నాకే ఆయాసం ముందొస్తుంది, చెప్పను.
పదింటికి సెల్లుఫోను బియ్యం డబ్బా మీద పడుకుంటుంది,
మేమూ పడుకుంటాము.

మొన్న చూసుకుంటే నూట నలభై ఎనిమిది.
"ఇంకా దిగాలి" అంది, మందుబిళ్ల మింగుతా.
అదే గొంతుతో, ఆ వందమందికి చెప్పే గొంతుతో.
ఈసారి అందులో తానూ ఉంది.

నెల్లూరు నుంచి షాపాయన ఫోను చేశాడు,
"కాడలు పొడుగ్గా వచ్చినాయే, కొలత మారిందా?"
మారింది సార్, అన్నాను.
కలబెట్టి చూసినాను.